తట్ట పోయింది సరే, మీట ఎవరి చేతికి?

సింగరేణి బాయిల్లో తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపింది ఎవరు? ఎక్కువమంది మాల మాదిగలు, వెనుకబడిన కులాలోళ్లు. నెత్తిన బరువు, కాళ్ల కింద నీళ్లు, పైన ఎప్పుడు కూలుతుందో తెలియని కప్పు. ఆ తట్ట పోయిందని మనం ఏడ్వాల్సిన పనిలేదు. ఎస్‌డీఎల్‌లు వచ్చాయి, అడ్రియాలలో లాంగ్‌వాల్ వచ్చింది. రానీ. మనిషి నెత్తి మీది బరువును యంత్రం దించితే మంచిదే. లేబర్ మెంబర్‌గా 1943లో ధన్‌బాద్ బొగ్గుగనిలోకి దిగి చూసిన అంబేద్కర్, 1945లో రాసిన పుస్తకంలో ఇదే వాదించాడు: తప్పు యంత్రానిది కాదు, దాని ఫలాన్ని కొందరికే కట్టబెట్టే సమాజానిది.

మరి ఇక్కడ ఫలం ఎవరికి పోయింది? 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు, ఏటా సుమారు 2 కోట్ల టన్నుల బొగ్గు. 2023-24లో 7 కోట్ల టన్నులు, కార్మికులేమో 40 వేలకు అటూ ఇటూ. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్లది. కంపెనీ నౌకరీలో రిజర్వేషన్ ఉంది, కాంట్రాక్టరు దగ్గర లేదు. యంత్రం ముందు నుంచి వచ్చింది, రిజర్వేషన్ వెనక నుంచి పోయింది. దీన్ని ప్రగతి అంటే మనం చప్పట్లు కొట్టాలా?

రేపటిది ఇంకో మెట్టు. ఆస్ట్రేలియాలో పిల్బారా ఇనుప గనుల్లో డ్రైవర్లు లేని పెద్ద లారీలు తిరుగుతున్నాయి. సుమారు 1500 కిలోమీటర్ల దూరాన పెర్త్ నగరంలో తెరల ముందు కూర్చున్నవాళ్లు వాటిని చూసుకుంటున్నారు. ఇక్కడా బొగ్గు లారీలకు జీపీఎస్ వచ్చేసింది. మిగతాది రాదని ఎట్లా అనుకుంటాం? అప్పుడు డంపర్ నడిపే మనోడి పనీ పోతుంది. తెర ముందు కుర్చీ మాత్రం ఉంటుంది. అందులో ఎవరి పిల్లలు కూర్చుంటారు?

నేను పంతులును. మన పిల్లలకు తెలివి తక్కువ కాదు, బడిలో కంప్యూటర్ గదికి తాళం ఎక్కువ. ఏకలవ్యుడి వేలు తీసుకున్నోళ్లు ఇప్పుడు మీట దాకా ఆ వేలును రానివ్వరు, అంతే తేడా.

అన్నలారా, అక్కలారా! యంత్రం వద్దని అనకండి, వాటా అడగండి. 2015లో వచ్చిన జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి గనులు మింగిన ఊళ్ల కోసమే. అందులో నైపుణ్య శిక్షణకు చోటుంది. మన వాడల పిల్లలకు ఎంత ఖర్చు పెట్టారో గ్రామసభలో నిలదీయండి. కాంట్రాక్టు పనిలోనూ రిజర్వేషన్ కావాలని యూనియన్లను అడగండి. బాయి దిగినప్పుడు ముందు మనల్నే దింపారు. కుర్చీ దగ్గర మాత్రం వెనక్కి నెడితే ఊరుకోం!