పెట్టె ఖాళీ అయిందా, ఖాళీ చేశారా?

మొన్న మా కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళ మీద పెద్ద చర్చే జరిగింది. మాది లింగంపల్లి లైను. ఏ బండ్లు ఉంచాలి, ఏవి తగ్గించాలి, అసలీ లోకల్ రైళ్ళు హైదరాబాదుకు ఇంకా అవసరమా అన్నది చర్చ. ఒక పెద్దమనిషి, రిటైర్డ్ ఇంజనీరు, లేచి ఇలా అన్నారు: "మెట్రో వచ్చింది. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయింది. లేడీస్ పెట్టెలు ఖాళీగా తిరుగుతున్నాయి. ఆ పట్టాల మీద ఎక్స్‌ప్రెస్ బండ్లు నడుపుకుంటే దేశానికైనా లాభం." చప్పట్లు కొట్టారు. హాల్లో నలభై మంది మగవాళ్ళు, ఐదుగురం ఆడవాళ్ళం. ఆ ఐదుగురిలో ముగ్గురు టీ కప్పులు అందిస్తున్నారు.

ఆ ముగ్గురిలో ఒకామె మా వీధిలో నాలుగిళ్ళలో వంట చేస్తుంది. బోరబండ నుంచి వచ్చిపోతుంది. చర్చ నడుస్తున్నంతసేపూ ఆమె చూపు గోడ గడియారం మీదే ఉంది. తీర్మానానికి చేతులెత్తే వేళకు కప్పులు కడిగి బోర్లించి, నా దగ్గరికొచ్చి, "అక్కా, నా బండికి టైమయింది. పిల్ల ఒక్కతే ఉంటది ఇంట్ల" అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. ఆమె ఎక్కే బండి ఉండాలా వద్దా అని, ఆమె లేని హాల్లో చేతులెత్తారు.

నేను లేచి రెండు మాటలు అనేసరికి సమయం అయిపోయిందన్నారు. అక్కడ చెప్పలేకపోయిన మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఆ పెద్దమనిషి మీద కోపంతో కాదు. ఆయన అన్న మాటలే కొంచెం మర్యాదైన భాషలో మన స్వచ్ఛంద సంస్థల సమావేశాల్లో కూడా విన్నాను కనుక రాస్తున్నాను.

ముందుగా ఈ రైళ్ళ కథ గుర్తు చేసుకుందాం. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. మొదలైంది. ఫలక్‌నుమా, యాకుత్‌పురా, డబీర్‌పురాల నుంచి కాచిగూడ, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్ మీదుగా బేగంపేట, బోరబండ, హైటెక్ సిటీ, లింగంపల్లి దాకా ఒక గీత. నాంపల్లి నుంచి మరో గీత. పాతబస్తీనీ, కొత్తగా లేచిన అద్దాల మేడలనీ ఒకే టికెట్టుతో కలిపిన బండి ఇది. రెండో దశకు 2012-13లో ఆమోదం వచ్చింది. ఖర్చులో రాష్ట్రానిది రెండు వంతులు, రైల్వేది ఒక వంతు అని ఒప్పందం. ఆ వాటాల మీద కేంద్రం రాష్ట్రాన్ని, రాష్ట్రం కేంద్రాన్ని అంటూ ఏళ్ళు గడిపాయి. మేడ్చల్, ఉందానగర్‌లకు బండి కదిలేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. ఘట్‌కేసర్ బండికీ, మౌలాలి-సనత్‌నగర్ మార్గానికీ 2024 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. ఆమోదం పొందిన ఏడాది పుట్టిన ఆడపిల్ల ఆ బండి ఎక్కేనాటికి హైస్కూలు చేరింది.

ఈ మధ్యలో 2020 వచ్చింది. లాక్‌డౌన్‌కు ముందు రోజుకు 121 ఎం.ఎం.టి.ఎస్. సర్వీసులు తిరిగేవి. మార్చిలో అన్నీ ఆగాయి. అది అందరికీ వచ్చిన కష్టమే, కాదనను. కానీ తిరిగి మొదలైన వరస చూడండి. మెట్రో 2020 సెప్టెంబరు 7న మొదలైంది. అదే నెలాఖరుకు సిటీ బస్సులు రోడ్డెక్కాయి. ఎం.ఎం.టి.ఎస్. మాత్రం 2021 జూన్ 23న, అదీ పది సర్వీసులతో. నగరంలో అన్నిటికన్నా చవకైన బండి అన్నిటికన్నా చివర వచ్చింది. ఈలోపు ఇళ్ళల్లో అంట్లు ఆగలేదు. ఆఫీసుల్లో ఊడ్చే పని ఆగలేదు. ఆ పనులకు వెళ్ళే ఆడవాళ్ళు పదిహేను నెలల పాటు షేర్ ఆటోలకు కూలి డబ్బులు పోశారు. పోయలేనివాళ్ళు పని మానేశారు.

ఇప్పుడు పెట్టెలు ఖాళీ అంటున్నారు. ఖాళీ ఎలా కావు? లోకల్ బండికి ప్రాణం రైలింజను కాదు, నమ్మకం. ఏడున్నరకు పనిలో ఉండాల్సిన మనిషి, బండి వస్తుందో రాదో తెలియకపోతే స్టేషనుకే రాదు. మరమ్మతుల పేరిట కొన్ని సర్వీసులు రద్దు అని ప్రకటన వస్తుంది. ఆదివారాలు బండ్లు తగ్గుతాయి. ఆదివారం అంటే ఆఫీసరుకు సెలవు. వంటమనిషికి, ఆసుపత్రి ఆయాకు, మాల్‌లో నిలబడి అమ్మే పిల్లకు అది ఎక్కువ పని ఉండే రోజు. బండ్లు తగ్గిస్తే జనం తగ్గుతారు. జనం తగ్గారని మళ్ళీ బండ్లు తగ్గిస్తారు. ఈ లెక్క చివరికి సున్నాకే చేరుతుంది. అప్పుడు, "చూశారా, ఎవరికీ అక్కర్లేదు" అనొచ్చు.

టికెట్టు కొన్నవాళ్ళను లెక్కపెట్టే రిజిస్టరు ఉంది. బండి కుదరక పని వదులుకున్న ఆడమనిషిని లెక్కపెట్టే రిజిస్టరు ఏదైనా ఉందా? దూరంలో ఎక్కువ జీతమిచ్చే ఇల్లు వదిలి, పక్క సందులో తక్కువ జీతానికి కుదురుకున్న మనిషి ఏ లెక్కలో ఉంది? కాలేజీ దూరమని పదోతరగతితో ఆగిపోయిన పిల్ల ఎక్కడుంది? స్త్రీల కష్టం లెక్కల్లోకి రాకపోవడం మనకు కొత్త కాదు. ఇంటి చాకిరి విషయంలో మనం ఇరవై ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మాటే ఇది. అదే మాట రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చెప్పడం మాత్రం మనకింకా అలవాటు కాలేదు.

"మెట్రో ఉంది కదా" అంటారు. ఉంది, బాగుంది. మూడు మార్గాలు, దాదాపు 69 కిలోమీటర్లు. కానీ బోరబండలో మెట్రో స్టేషన్ లేదు. చందానగర్‌లో లేదు. ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురాల్లో లేదు. మేడ్చల్‌లో లేదు, ఘట్‌కేసర్‌లో లేదు. పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, శంకుస్థాపన చేశారు. శంకుస్థాపన రాయి మీద ఎక్కి ఎవరూ పనికి పోలేరు. ఇక ఖర్చు సంగతి. ఎం.ఎం.టి.ఎస్.లో కనీస టికెట్టు ఐదు రూపాయలతో నడిచింది. మెట్రోలో 2025 మే నెలలో పెంచి, కొంత తగ్గించాక కూడా కనీసం పదకొండు, గరిష్ఠం అరవై తొమ్మిది. నాలుగిళ్ళలో పని చేసే మనిషికి ఈ తేడా నెల తిరిగేసరికి గ్యాసుబండకు దాచుకునే డబ్బు.

"బస్సు ఫ్రీ కదా" అన్నది రెండో మాట. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకాన్ని నేను మనసారా స్వాగతించాను. ఆ బస్సుల్లో ఆడవాళ్ళు నిండిపోతే వెక్కిరించిన వాళ్ళతో గొడవ పెట్టుకున్నాను కూడా. కానీ ఉచిత బస్సు మనకు డబ్బు మిగిల్చింది. రైలు మనకు పొద్దు మిగులుస్తుంది. రోడ్డు మీద బస్సు ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నంతసేపూ ఇంట్లో పొయ్యి వెలగదు, పిల్ల అన్నం తినదు, తెల్లారి లేవాల్సిన మనిషికి నిద్ర ఉండదు. మగవాడి గంటకు జీతం కట్టే సమాజం ఆడదాని గంటను ఊరికే వచ్చిందనుకుంటుంది. అందుకే, "ఫ్రీ బస్సు ఇచ్చాం కదా, ఆలస్యమైతే ఏమైంది?" అని అడగగలుగుతుంది. నిజానికి ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. కాలనీ నుంచి స్టేషనుకు ఉచిత బస్సు, స్టేషను నుంచి రైలు, అవి రెండూ ఒకదాని వేళకొకటి కలిస్తే ఈ నగరంలో ఆడవాళ్ళ రోజు రెండు గంటలు పెరుగుతుంది.

ఇక పట్టాల సంగతి. ఇంజనీరుగారు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. ఎక్స్‌ప్రెస్ బండ్లు, గూడ్సు బండ్లు, లోకల్ బండ్లు ఒకే పట్టాల మీద నడుస్తాయి. ఎవరో ఒకరు ఆగాలి. కానీ ప్రతిసారీ ఆగవలసింది ఐదు రూపాయల టికెట్టు మనిషేనా? నగరం నడుమ రద్దీ తప్పించడానికే కదా మౌలాలి-సనత్‌నగర్ మార్గం వేసింది. పట్టాలు పెరిగాయి కనుక, "చోటు లేదు" అన్న సమాధానం మునుపటిలా చెల్లదు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభించి, కొన్ని దూరప్రాంతపు రైళ్ళను అక్కడికి మార్చారు. పిల్లలతో, సామానుతో వేళగాని వేళ అక్కడ దిగే ఆడవాళ్ళను ఊళ్ళోకి చేర్చే లోకల్ బండి ఆ వేళలకు ఉండాలి. అదే లోకల్ రైలు పని.

మరో మార్పు గురించి చెప్పాలి. 2022 మేలో ఎం.ఎం.టి.ఎస్. ఫస్టు క్లాసు చార్జీలు సగానికి తగ్గించారు. సంతోషమే. అయితే ఫస్టు క్లాసు అడిగిందెవరు? సెకండు క్లాసు వాళ్ళు అడిగింది చార్జీ తగ్గించమని కాదు, బండ్లు పెంచమని. ఎవరి మాట ముందు వినబడుతుందో ఈ చిన్న ఉదాహరణ చాలు.

ఇప్పుడు మన వంతు. స్త్రీల ప్రయాణం అనగానే మనకు వెంటనే తోచే మాట భద్రత. లేడీస్ పెట్టెలో పోలీసు కావాలి, కెమెరా కావాలి, ఫోన్ నంబరు కావాలి. ఈ విజ్ఞాపనలు నేనూ రాశాను, ధర్నాల్లో కూర్చున్నాను. వాటి అవసరం ఉంది. 1989 రైల్వే చట్టం 58వ సెక్షన్ ప్రతి ప్రయాణికుల బండిలో స్త్రీలకు విడిగా చోటు ఉండాలంటుంది. 162వ సెక్షన్ ఆ చోట్లోకి చొరబడిన మగవాడికి జరిమానా వేయమంటుంది. ఈ హక్కులు వదులుకోకూడదు. కానీ వచ్చిన బండిలో హక్కు గురించి మాట్లాడాం, బండి రావడమే హక్కని మాట్లాడలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టెలో ఇరవై మంది ఆడవాళ్ళుంటే భయం ఉండదు. ఒక్కర్తే ఉంటే, గోడకు ఎన్ని కెమెరాలున్నా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఆ ఇరవై మందిని పెట్టెలోకి తెచ్చేది టైంటేబులు. "భద్రత లేదు కనుక రాత్రి బండి తీసేద్దాం" అని రేపు ఎవరైనా అంటే, మన విజ్ఞాపనలే వాళ్ళకు సాక్ష్యం అవుతాయి. ఆడపిల్లకు భయమని బడి మాన్పించే తండ్రి న్యాయమే అది. దాన్ని ఇంట్లో ఒప్పుకోని మనం స్టేషన్లో ఎలా ఒప్పుకుంటాం?

అడిగితే జరుగుతుందా అని నిరాశపడేవాళ్ళకు ముంబై సంగతి చెబుతాను. అక్కడ 1992 మేలో చర్చిగేట్-బోరివలి మధ్య పూర్తిగా ఆడవాళ్ళకే ఒక లోకల్ బండి మొదలైంది. పనికి పోయే ఆడవాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారని లెక్కలోకి వచ్చాకే అలాంటి బండి వచ్చింది. అదే నగరంలో 2022 ఆగస్టులో మామూలు లోకల్ బండ్ల వేళల్లో ఎక్కువ చార్జీల ఏసీ బండ్లు నడిపితే కల్వా, బద్లాపూర్ స్టేషన్లలో ప్రయాణికులు నిలదీశారు. ఆ నెలలోనే పది ఏసీ సర్వీసులు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళు రైలు వద్దనలేదు, తమకు అందే రైలు కావాలన్నారు. మనం అడగవలసిందీ అదే.

కనుక ఈ పత్రిక చదివే మిత్రులను కోరుతున్నాను. మీ బస్తీ సంఘాల్లో, ఇంటిపని కార్మికుల యూనియన్లలో ఈ విషయం పెట్టండి. మన డిమాండ్లు ఇవి:

లాక్‌డౌన్‌కు ముందున్న సర్వీసులకు తక్కువ కాకుండా, కొత్త మార్గాలవి అదనంగా, బండ్లు నడపాలి. ఆదివారం కూడా పనిదినమని గుర్తించాలి.

తెల్లవారుజామున, రాత్రి పనులు ముగిసే వేళల్లో బండ్లు తగ్గించే ముందు ఆ స్టేషన్ల మహిళా ప్రయాణికులను అడగాలి. రైల్వే ప్రయాణికుల సలహా సంఘాల్లో స్త్రీలు ఎందరో, అందులో సెకండు క్లాసులో రోజూ తిరిగేవాళ్ళు ఎందరో చెప్పాలి.

స్టేషన్ల నుంచి బస్తీలకు, రైలు వేళలకు సరిపడా సిటీ బస్సులు వేయాలి.

ఏ రోజు ఎన్ని సర్వీసులు ప్రకటించారు, ఎన్ని నడిపారు, ఎన్ని రద్దు చేశారు అన్న వివరం నెలనెలా ప్రజల ముందు పెట్టాలి. పెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల దరఖాస్తు, దారిద్ర్యరేఖ దిగువనున్న వాళ్ళకు అదీ అక్కర్లేదు. ఒక్కో స్టేషన్ నుంచి ఒక్కో మహిళ రాసినా చాలు. లెక్క మన చేతికి వస్తుంది.

రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతా తిరిగే స్వేచ్ఛనూ, నచ్చిన పని చేసుకునే స్వేచ్ఛనూ ఇచ్చిందని మనం శిక్షణా తరగతుల్లో బోధిస్తుంటాం. బోరబండ నుంచి చందానగర్ దాకా తిరగలేని మనిషికి దేశమంతా తిరిగే స్వేచ్ఛ దేనికి?

మా కాలనీ సంఘం మళ్ళీ వచ్చే నెల కూర్చుంటుంది. ఆ సమావేశం సాయంత్రం కాకుండా మధ్యాహ్నం, ఆమె బండికి ముందే, పెట్టమని ఉత్తరం ఇచ్చాను. ఈసారి టీ నేను అందిస్తాను. ఆమె కూర్చుని మాట్లాడుతుంది.