ఇంటర్‌ఫెరాన్: పొరుగును హెచ్చరించు మాంసకృత్తు



ఫ్లూ జ్వరము సోకినపుడు ఒళ్లెల్ల నొచ్చును, వణకు పుట్టును. ఈ బాధ యంతయు వైరసు చేయునదే యని తలంతుము. కాని యందు కొంత మన దేహము తన్ను తాను కాపాడుకొను యత్నమువలనఁ గలుగునదే. ఆ యత్నమున ముందు నిలుచునది ఇంటర్‌ఫెరాన్ అను మాంసకృత్తు.

ఒక వైరసు సోకిన కణములందు వేఱొక వైరసు సులభముగఁ బెరుగదని శాస్త్రజ్ఞులు మున్నే యెఱుంగుదురు. కారణము మాత్రము తెలియకుండెను. 1957వ సంవత్సరమున లండనులోని మిల్ హిల్ పరిశోధనాలయమునందు అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మాన్ అను నిరువురు దీనిని పరీక్షించిరి. పొదుగుచున్న కోడిగ్రుడ్డులోని పలుచని పొరముక్కలను వేడిచే నిర్జీవమైన ఫ్లూ వైరసుతోఁ గలిపి ద్రవమున నుంచిరి. పిదప నా ద్రవమును క్రొత్త పొరముక్కలపైఁ బోసి, సజీవ వైరసును విడిచిరి. అది సరిగా వృద్ధి పొందలేదు! పొరనుండి యేదో రక్షకవస్తువు ద్రవములోనికి వెలువడినదని తేలెను. అడ్డుపడునది గావున ఆంగ్లమున నా యర్థము వచ్చు పేరిడిరి.

ఇంట దొంగ పడినపుడు ఇల్లాలు కేకవేసి పొరుగువారిచేఁ దలుపులు బిగింపించును గదా! వైరసు సోకిన కణమును అట్లే దీనిని వెలువరించును. ఇది స్వయముగ వైరసును జంపదు. పొరుగుకణములు దానిని బెరుగనీయని సాధనములను సిద్ధపఱచుకొనునట్లు చేయును.

అయితే కోడినుండి తీసినది మనుష్యులకు అంతగా నుపయోగింపదు. కావున ఫిన్లండు దేశపు హెల్సింకి నగరమున కారి కాంటెల్ అను వైద్యుడు రక్తదాతల తెల్లకణములనుండి దీనిని సేకరించెను. విస్తారమగు రక్తమునకు లభించునది లేశమే. 1980 మొదలు సూక్ష్మజీవులచే దీనిని చేయించు నుపాయము దొరకినది.

సర్వరోగములకు నిదే మందని కొందఱు పొంగిరి; అది నిజము కాలేదు. హెపటైటిస్ బి, సి అను కాలేయవ్యాధులందు మేలు చేసినది గాని, సూదిమందు పుచ్చుకొన్నవారికి ఫ్లూ వంటి జ్వరము, నొప్పులు, కొందఱికి మనోవ్యాకులత కలిగెను. నేడు హెపటైటిస్ సి వ్యాధికి మాత్రలే దాని స్థానమును బొందినవి.

హెపటైటిస్ బి తల్లినుండి శిశువునకు సోకఁగలదు. దీనికి టీకా గలదు. పుట్టిన యిరువదినాలుగు గంటలలోపలనే మొదటి మోతాదు వేయింపవలెను. పురిటింటి సందడిలో దీనిని మఱవకుఁడు. ఎంత శ్రమపడి సాధించిన మందైనను, వ్యాధిని రానీయని యా చిన్నసూదికి సాటిరాదు.