బోరు పడ్డది

ఇంగ్లిషులో ‘బోర్’ అంటే మొదట తొలవడం. ప్రాచీన ఆంగ్లంలో ‘బోరియన్’. తుపాకీ గొట్టం లోపలి కొలతకూ ఆ మాటే. నేర వార్తల్లో కనిపించే ‘ట్వెల్వ్ బోర్’ అక్కడిదే. విసుగు అనే అర్థం 1760ల నాటి ఉత్తరాల్లో మొదలైంది. అదెలా పుట్టిందో ఆ భాషా పండితులే ఇంకా తేల్చలేదు. మన కాలేజీ పిల్లలకు ‘కొట్టే’ బోరు అదే కనుక, దాన్ని వాళ్లకే వదిలేద్దాం.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో బోరు వేరు. వేయించేది రైతే అయినా ‘పడ్డది’ అనేది నీళ్లొస్తేనే. లేకుంటే ‘ఫెయిలైంది’. నీళ్ల లెక్క ఇంచుల్లో: ఇంచున్నర, రెండించులు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి ‘పాయింటు’ చూపేవాళ్లు, తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గు బండ్లు, కేసింగు పైపులు, వాటి వెనకే అప్పు. ఇంత బరువున్న మాటకు ప్రభుత్వ కాగితాల్లో ‘గొట్టపు బావి’ అని రాస్తారు. ఆ మాట ఏ రైతు నోటా వినం.

ఇక్కడి నేల కింద గ్రానైటు. నీరుండేది రాతి పగుళ్లలోనే. పక్కవాడు మరింత లోతుకు పోతే మన బోరు ఎండుతుంది, మనమూ పోతాం. చెరువులు పూడి, మోటబావులు అడుగంటాక ఈ పోటీ ముదిరింది. నల్లగొండ జిల్లా ముసంపల్లిలో 2,000 ఎకరాల సాగుకు 6,000కు పైగా బోర్లున్నాయని పి. సాయినాథ్ 2004లో రాశారు. మనుషుల కన్నా బోర్లే ఎక్కువ! అప్పటికి వాల్టా చట్టం వచ్చి రెండేళ్లు. అనుమతి లేనిదే బోరు వేయరాదన్న ఆ చట్టానికి అప్పుల్లో మునిగిన రైతు ఎంత దూరమో, అధికారీ అంతే దూరం.

రాతిని అంటుకున్న నీరు ఫ్లోరైడునూ తెచ్చింది. మర్రిగూడ వైపు వంగిన కాళ్లు దాని సాక్ష్యం. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్ ‘నీరి’ సంస్థ రూపొందిస్తే, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది ఇలాంటి కారణంతో.

మన నిఘంటువుల్లో ‘బోరు’ పక్కన ఇంగ్లిషు మూలం ఒక్కటే రాస్తే చాలదు. పడడం, ఫెయిలవడం, ఎండడం కూడా రాయాలి. మీ మండలంలో బోరు చుట్టూ వినబడే మాటలను ఊరి పేరుతో సహా మాకు రాయండి, అచ్చు వేస్తాం.