కొత్త చిప్ మన చేతికందేదెప్పుడు?

ఎలక్ట్రానిక్స్ చదివే హాస్టల్ విద్యార్థులం ప్రాజెక్టు మాట వినగానే మొదట తడుముకునేది జేబునే. పాతబస్తీ నుంచి మూసీ దాటితే కోఠి. అక్కడి గుజరాతీ గల్లీ దుకాణాల్లో 555 టైమర్ ఐసీ కొద్ది రూపాయలకే దొరుకుతుంది. అది 1971 నాటి డిజైన్. ల్యాబ్‌లో నేర్చుకునే 8051 మైక్రోకంట్రోలర్ 1980లో వచ్చింది. పాతవని చిన్నచూపు లేదు, మా చేయి తిరిగింది వాటితోనే. కానీ రేపు ఉద్యోగంలో చేతికొచ్చేవి వేరు.

కొత్త విడిభాగమంటే ఖరీదు ఎక్కువని అనుకుంటాం. నిజానికి కంపెనీ చెప్పే ధర తక్కువే. రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు 2021 జనవరిలో 4 డాలర్లకే వచ్చింది. చిక్కంతా ఒక్కటి కొనేవాడికే. ఫ్యాక్టరీలు చిప్‌లను వేల లెక్కన కొంటాయి, ఆ రేటు వేరు. ఒక్కదానికైతే రేటు ఎక్కువ, పైన జీఎస్టీ, ఆపైన కొరియర్. చిన్న చిప్ అయితే కొరియరే దాని ధరను మించిపోతుంది. కోఠి దుకాణదారుణ్ణి తప్పుపట్టలేం. ఎప్పుడో ఒకరు అడిగే సరుకుకు ఆయన పెట్టుబడి ఎందుకు పెడతాడు?

పాత ఐసీకి కాళ్లుంటాయి, బ్రెడ్‌బోర్డులో గుచ్చితే చాలు. కొత్తవాటిలో చాలావరకు బోర్డుపై అతికించే సర్ఫేస్ మౌంట్ రకమే. కొన్నింటికి కాళ్లే కనబడవు, అతుకులన్నీ అడుగునే. వాటికి వేడిగాలి సోల్డరింగ్ స్టేషన్ కావాలి. అది లేక చిప్ బిగించి ఉన్న మాడ్యూల్‌నే ఎక్కువ ధర పెట్టి కొంటాం. కొరత వస్తే చెప్పనే అక్కర్లేదు. 2021 చిప్‌ల కరువులో రాస్ప్‌బెర్రీ పై 4, 2 జీబీ బోర్డు ధరను కంపెనీయే 35 నుంచి 45 డాలర్లకు పెంచింది.

2024లో పెంచాక తెలంగాణలో కాలేజీ హాస్టల్ విద్యార్థి మెస్ ఛార్జీ నెలకు 2,100 రూపాయలు, అంటే రోజుకు 70. ప్రయోగంలో ఒక మాడ్యూల్ కాలిపోతే ఎన్నిరోజుల తిండో లెక్క వేసుకోండి. అందుకే కొందరు రెడీమేడ్ ప్రాజెక్టు కొనేసి ఊపిరి పీల్చుకుంటారు. (వైవా జవాబులు ఉచితమట!)

1967లో ఈసీఐఎల్ పుట్టిన నగరం మనది. 2023లో రాయదుర్గంలో టీ-వర్క్స్ కూడా తెరిచారు, సంతోషం. కానీ చార్మినార్ నుంచి అక్కడికి వెళ్లి రావడానికే పూట గడిచిపోతుంది. పుస్తకాలకు బుక్ బ్యాంక్ పెట్టినట్టే విడిభాగాలకూ ఒక బ్యాంక్ పెట్టాలన్నది మా అభిప్రాయం. నాలుగైదు హాస్టళ్లు కలిసి ఏడాదికి రెండుసార్లు ఆర్డరు పెడితే రేటు దిగుతుంది, కొరియర్ ఖర్చు అందరికీ పంచుకుపోతుంది. సోల్డరింగ్ స్టేషన్ ఒక్కటి చాలు. కాలిపోయినదానికి మాత్రం విద్యార్థి చేత డబ్బు కట్టించకూడదు. మొదటి జాబితా మేమే రాసిస్తాం, వార్డెన్ గారు తాళం ఉన్న బీరువా ఒకటి ఇప్పిస్తే చాలు.