పంట పేరును కాపాడుకొనుట

కళ్ళములోని ధాన్యమును ఎవడైన దొంగిలించినచో ఊరెల్ల మేల్కొనును. ఆ ధాన్యమునకు గల పేరును దొంగిలించినచో ఎవరికిని మెలకువ రాదు. పేరు పోయిన పిదప ధర పోవును; ధర పోయిన పిదప రైతు మార్కెట్టును నిందించును. అసలు నష్టమెచ్చట జరిగినదో విచారించువారు అరుదు.

కంపెనీల చట్టమునకు 2002 సంవత్సరమున జరిగిన సవరణము ననుసరించి మన పల్లెలలో రైతులు తామే ఉత్పత్తిదారుల కంపెనీలను స్థాపించుకొనుచున్నారు. పట్టణములలో విద్యావంతులైన యువకులు నెలకొల్పు క్రొత్త సంస్థలకు స్టార్టప్‌లని పేరు. ఉభయులకును భయమొక్కటియే: మనము కనిపెట్టిన పద్ధతిని ధనికుడైన వర్తకుడు చూచి తనదిగా జేసికొనినచో గతియేమి? వెంటనే వినవచ్చు సలహా పేటెంటు తీసికొనుమనుట. మనవంటి సంఘములకు ఈ సలహా చాలవరకు పనికిరానిదని నా యభిప్రాయము.

కారణములు వినుడు. పేటెంటు లభించుటకు వస్తువు లోకమునకు క్రొత్తదై యుండవలెను. దాని మర్మమునంతయు వ్రాసి ప్రకటింపవలెను. అట్లు ప్రకటించిన పిమ్మట 20 సంవత్సరములు మాత్రమే రక్షణ. అంతేకాదు, 1970 సంవత్సరపు మన పేటెంటు చట్టము సేద్యపు పద్ధతులకును, మొక్కలకును, విత్తనములకును, పరంపరగా వచ్చు జ్ఞానమునకును పేటెంటు లేదనుచున్నది. ఇది మనకు మేలే. పసుపు గాయములను మాన్పునను సంగతికి 1995లో అమెరికాలో పేటెంటు నీయగా, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో దానిని రద్దు చేయించెను. మన అవ్వల జ్ఞానము అన్యుల సొత్తు కాకూడదన్నచో, అది మనలో ఒక్కరి సొత్తును కాజాలదు. కావున మనము వేరు మార్గములను వెదకవలెను. అవి కలవు, పైగా చవుకైనవి.

మొదటిది ఊరి పేరు. హైదరాబాదులోని గాంధీనగరు, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరు వీధులలో కందిపప్పు కొను గృహిణికి తాండూరు పేరు క్రొత్తగాదు. ఆ నేలలోని సున్నపురాతి పొరలు, నల్లరేగడి, అందలి ప్రత్యేకమైన బంకమన్ను ఆ పప్పుకు గుణము నిచ్చినవి. కాని సంచిపై పేరు వ్రాయుటకు సిరాచుక్క చాలును. ఏ ఊరి కందియైనను తాండూరు కంది కావచ్చును. ఈ అన్యాయమును నివారించుటకు వికారాబాదు జిల్లాలోని యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, వ్యవసాయ విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో, భౌగోళిక గుర్తింపునకై 2020లో దరఖాస్తు పెట్టెను. 2022లో ఆ గుర్తింపు లభించెను.

ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. గుంటూరు సన్నపు మిరపకు సుగంధద్రవ్యముల బోర్డు, బంగినపల్లి మామిడికి ప్రభుత్వ ఉద్యానశాఖ గుర్తింపును సంపాదించిపెట్టినవి. తాండూరు కందికి రైతుల కంపెనీయే పూనుకొన్నది. 2025లో గుర్తింపు పొందిన వరంగల్లు చపాటా మిరప విషయమునను రైతుల కంపెనీయే ముందు నిలిచినది. ఇతరులు తెచ్చి యిచ్చిన దానికంటె తాము తెచ్చుకొనిన దానిపై రైతునకు శ్రద్ధ హెచ్చు. రెండవది, ఈ హక్కును అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, ఒకరికి వ్రాసియీయరాదని 1999 సంవత్సరపు చట్టము శాసించుచున్నది. భూమి అప్పుల పాలగును గాని, ఈ పేరు అప్పులవానికి చిక్కదు.

అయినను గుర్తింపు పత్రమును అద్దపు చట్రములో బిగించి ఆఫీసు గోడకు తగిలించినంత మాత్రమున పప్పు ధర పెరుగదు. ఆ పేరును న్యాయముగ వాడుటకు ప్రతి రైతును అధీకృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకొనవలెను. ఇందలి రుసుము స్వల్పము. మన సంఘములు చేయని పని యిదియే. సన్మానము జరిగినది, దండలు వేసిరి, పిమ్మట పుస్తకములో సభ్యుల పేర్లు వ్రాయించినవారు లేరు! మరియు ఈ నమోదు 10 సంవత్సరములకే చెల్లును. 2010లో గుర్తింపు పొందిన హైదరాబాదు హలీమునకు గడువు తీరిపోగా మరల 2022లో పునరుద్ధరింపవలసివచ్చెను. కార్యదర్శులు ఈ తేదీని అప్పు వాయిదా తేదీవలె గుర్తుంచుకొనవలెను.

రెండవది సంఘము యొక్క సొంత పేరు. ఊరి పేరు అందరిది. సంఘపు ముద్ర సంఘముది. నగరములో వీధి వీధికిని పిండివంటల దుకాణముపై 'స్వగృహ' యను మాట కనబడును. యజమానులు వేరు వేరు. అందరి నోటను పడిన మాట ఎవరికిని గుర్తు కాజాలదు. గుజరాతులోని ఆనందు పాల సహకారులు 'అమూల్' అను ప్రత్యేకమైన పేరును ఎన్నుకొని, దానిని రిజిష్టరు చేసి, కల్తీ లేని సరుకుతో నిలిపిరి. మన సంఘములును 'శ్రీ', 'రైతు', 'స్వచ్ఛమైన' యను సామాన్య పదములను విడిచి విశేషమైన పేరును ఎన్నుకొని ట్రేడుమార్కు పొందవలెను. దీనిని పదేండ్లకొక తూరి పునరుద్ధరించుచు ఎంతకాలమైనను నిలుపుకొనవచ్చును. పేటెంటునకు లేని దీర్ఘాయువు దీనికి గలదు.

మూడవది రహస్యము. ఊరగాయలో ఆవపిండి పాలు, కారపు మిశ్రమము, పప్పును నానబెట్టి యెండబెట్టు క్రమము, కొనుగోలుదారుల జాబితా: ఇవి ప్రకటింపకున్నంత కాలము మనవే. వ్యాపార రహస్యములకు మన దేశమున ప్రత్యేక చట్టము లేదు. ఒడంబడికను, నమ్మకమును ఆధారము చేసికొని న్యాయస్థానములు రక్షించును. కావున పనివానిచేత మొదటి దినముననే వ్రాతమూలకముగ మాట తీసికొనవలెను. పని మానిన పిదప ఆ వ్యాపారమే చేయరాదని వ్రాయించుకొనుట చెల్లదు. 1872 సంవత్సరపు కాంట్రాక్టు చట్టము దానిని ఒప్పదు. ఒకని పొట్టగొట్టుట ధర్మమును గాదు. రహస్యమును వెల్లడింపనను మాట మాత్రము చెల్లును.

ఇచ్చట ఒక హెచ్చరిక. సహకార సంఘమునకు ప్రాణము బహిరంగత. మసాలా పాళ్ళు రహస్యము కావచ్చును గాని, జమాఖర్చులు రహస్యము కారాదు. వ్యాపార మర్మమను మిషతో లెక్కలు దాచు అధ్యక్షుని సభ్యులు ఉపేక్షింపరాదు.

నాలుగవది విత్తనము. 2001 సంవత్సరపు చట్టము రైతు రక్షించిన వంగడమును రైతు పేరనే నమోదు చేయనిచ్చుచున్నది. విత్తనము దాచుకొనుటకు, విత్తుటకు, పొరుగువానితో మార్చుకొనుటకు, అమ్ముటకు రైతునకు హక్కు గలదు. ఇతరుల రక్షిత వంగడమును వ్యాపార నామముతో సంచికట్టి అమ్ముట మాత్రము కూడదు. ఈ హక్కు నెరుగనివాడు కంపెనీవాని నోటీసు చూచి బెదరును.

ఈ రక్షణలన్నియు బీదవానిని వెలివేయు గోడలు కావా యని కొందరందురు. వేలాది రైతుల కష్టముతో వచ్చిన పేరును ఒక మిల్లువాడు వాడుకొనుటయే అసలైన వెలివేత. ఊరి పేరులో ఊరిలోని ప్రతి రైతునకును పాలు గలదు. ఆ పాలు చిన్న కమతమువానికిని దక్కునట్లు చూచుట సంఘము పని.

ఒక్కమాట మరువరాదు. మనవాడే పొరుగుజిల్లా కందులు కలిపి మన పేరుతో అమ్మినచో ఏ చట్టమును కాపాడజాలదు. కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును మూడు తీర్మానములు చేయవలెనని ప్రార్థించుచున్నాను: అర్హులగు సభ్యులందరిని అధీకృతులుగ నమోదు చేయించుట, సంఘపు ముద్రను రిజిష్టరు చేయించుట, కల్తీ చేసిన సభ్యుని శిక్షించు నియమమును వ్రాసికొనుట. వకీలు ఖర్చును నాలుగు సంఘములు కలిసి భరించినచో అది ఎవరికిని భారము గాదు. కలిసి భరించుటయే గదా సహకారము.