తొలి కొలువు, తొలి బదిలీ

ఢిల్లీ పరిసరములందలి సాఫ్ట్‌వేర్ కార్యాలయములలో తొలి కొలువు దొరకిన తెలుగు యువతీయువకులలో పలువురు, చేరిన ఆరునెలలు నిండకమునుపే, హైదరాబాదునకు బదిలీ కోరుచు అర్జీ పెట్టుచున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి విస్తరించుచు వచ్చిన మాదాపూరు ప్రాంతమున తమ సంస్థకే మరియొక కార్యాలయ ముండగా, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలును ఒక రాత్రియు ప్రయాణము చేసి ఇల్లు చేరవలసిన అవస్థ తమకేలయని వారు తలంచుట మిక్కిలి సహజము. ఆ కోరికను బలహీనతయని నిందించుట న్యాయము కాదు. అయినను, ఊరిని గూర్చి విచారించుటకంటె ముందు, ఆ ఊరిలో తనకు పని నేర్పువారెవరని విచారింపవలెననియే నా నిశ్చితాభిప్రాయము.

హైదరాబాదు బదిలీయే కాక, ఢిల్లీ చుట్టుపట్ల జరుగు బదిలీయు కలదు. జాతీయ రాజధాని ప్రాంతము పేరునకు ఒకటియే. 1985నాటి ప్రణాళికా మండలి చట్టము దానికొక సమగ్రరూపమును కల్పింప యత్నించినను, పరిపాలనలో అది పలు ప్రభుత్వముల క్రిందనే యున్నది. నోయిడా 1976లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము నెలకొల్పిన పారిశ్రామిక నగరము, గురుగ్రామ్ హర్యానాలోనిది, ఢిల్లీ నడుమ నున్నది. సంస్థవారు ఉద్యోగిని నోయిడానుండి గురుగ్రామ్‌నకు మార్చినప్పుడు, దానిని బదిలీగానే లెక్కింపక, భత్యమేమియు నియ్యకుండుటయు కలదు. కాని నోయిడా సెక్టార్ 62 చెంత గది తీసికొన్న కుర్రవాడు తెల్లవారినంతనే మెట్రో బ్లూ లైన్ ఎక్కి, రాజీవ్ చౌక్‌లో జనసమ్మర్దము నడుమ మెట్లు దిగి యెల్లో లైన్ పట్టుకొని, మిలీనియం సిటీ సెంటర్‌లో దిగి, అచట ఆటో వెదకికొని కార్యాలయము చేరునప్పటికి, పని ప్రారంభింపకమునుపే ఆ దినపు ఉత్సాహములో సగము హరించిపోవును. గది మార్చుకొందమన్న, 11 నెలల అద్దె అగ్రిమెంటు పూర్తికానందున అడ్వాన్సు పోవును. వేయి మైళ్ల బదిలీకంటె ఈ ముప్పది మైళ్ల బదిలీయే యెక్కువ బాధించుట నేనెరుగుదును.

ఇట్లు ఈ ప్రాంతము పలు ప్రభుత్వముల క్రింద నున్నందున, వాని చట్టములు సైతము తొలి యుద్యోగినే ముందుగా తాకును. నెలకు 30,000 రూపాయలకు లోబడిన ప్రైవేటు ఉద్యోగములలో 75 శాతము స్థానికులకే చెందవలెనని హర్యానా ప్రభుత్వము 2022 జనవరిలో అమలులోనికి తెచ్చిన చట్టమును పంజాబ్ హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసినది. పరిశ్రమల విషయమున మన ఆంధ్రప్రదేశ్ శాసనసభయు 2019లో ఇట్టి చట్టమునే చేసినదని మనము మరువరాదు.

ఇక హైదరాబాదునకు బదిలీ జరుగు తీరు. మేనేజరు రిలీజ్ ఇచ్చినగాని ఉద్యోగి కదలలేడు. ఏప్రిల్ మొదలు మార్చి వరకు సంవత్సరముగా లెక్కించు సంస్థలో, డిసెంబరులో ఊరు మారినవాని తొమ్మిది నెలల శ్రమ యెరిగిన మేనేజరు నోయిడాలో నిలిచిపోవును. రేటింగులు నిర్ణయించు సమావేశమున కూర్చుండు క్రొత్త మేనేజరునకు అతని పేరు తప్ప పని తెలియదు. అందుచే పక్షపాత మేమియు లేకున్నను, నడిమి రేటింగొకటి అతనికి దక్కును. అంతకుమించిన నష్టము మరియొకటి కలదు. తాను వ్రాసిన కోడును పక్క కుర్చీలోని సీనియరు చదివి, ఈ వరుస యిచట నేల నుంచితివని యడిగి, ప్రొడక్షన్‌లో అర్ధరాత్రి లోపము తలయెత్తినప్పుడు ఎచట మొదలిడి వెదకవలెనో కనులయెదుట చేసి చూపునట్టి విద్య, మొదటి రెండేండ్లలోనే అబ్బును. ప్రాజెక్టు పెద్దలందరు నోయిడాలో నుండగా తానొక్కడు హైదరాబాదులో కూర్చుండి వీడియో కాల్‌లో మాత్రమే కనబడువానికి ఆ విద్య అందుట కష్టము. ఆ పెద్దలు హైదరాబాదులోనే యున్నచో, వెంటనే పోవలసినదే. అప్పుడు బదిలీయే చదువగును.

తల్లిదండ్రుల అనారోగ్యము, ఢిల్లీ శీతకాలపు పొగమంచులో ఉబ్బసము ముదురుట, రాత్రి వేళ ఆడపిల్లల రాకపోకల భయము — ఇట్టి కారణములు గలవారికి నా మాట వర్తింపదు. వారి అర్జీని అప్రైజలు ముగియువరకు త్రొక్కిపట్టుట క్రౌర్యమే. ఒంటరితనమును గూర్చి మాత్రము ఒక మాట చెప్పవలసియున్నది. కొలువు నిమిత్తము ఢిల్లీ చేరిన పూర్వతరమువారు తమ బిడ్డలకు తెలుగు దూరము కారాదని తలపోయగా, 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వెలసినది. నేడు మెట్రో పింక్ లైన్‌లో ఆమె పేరిట ఒక స్టేషనే కలదు. ఢిల్లీలో తెలుగువాడు పూర్తిగా పరాయివాడు కాడు.

కావున యువమిత్రులారా, ఒక్క అప్రైజలైనను ముగిసినపిమ్మట బదిలీ కోరుడు. హైదరాబాదులోని టీమ్ లీడు మీకు అప్పగింపబోవు పని యేదో ఈ-మెయిలులో వ్రాసి పంపువరకు ఒప్పుకొనకుడు. సంస్థలవారును, ఎన్ని నెలలు గడచిన బదిలీ కోరవచ్చునో, ఎవరి సమ్మతి కావలయునో, భత్యమెంతయో నియామక పత్రములోనే వ్రాసి యియ్యవలెనని, నోయిడా గురుగ్రామ్‌ల నడుమ మార్పును సైతము బదిలీగానే పరిగణింపవలెనని కోరుచున్నాను.