పాత చొక్కా, నేటి ఆట

మెల్‌బోర్న్ నగరమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడొకడు ఆదివారము నాడు ఫోనులో యోగక్షేమములు విచారించుట వాడుక. ఈ మధ్య నొక ఆదివారము వాని కంఠమున అలవాటు లేని ఉత్సాహము వినిపించినది. “మామా, ఈ వారం మా ఆటలో అందరూ పాతకాలం జట్లే కట్టినారు. పన్నెండు మందిలో నాది నాలుగో స్థానం” అనెను. ఏమి ఆట యని అడిగితిని. అది మైదానమున ఆడునది కాదనియు, కాగితము మీదను ఫోను మీదను ఆడు ఊహా లీగు అనియు, తానును మిత్రులును 1970ల నాటి ఒక వారపు పోటీలను ఎన్నుకొని, ఆనాటి ఆటగాండ్రతో జట్లు కూర్చుకొంటిమనియు వివరించెను. హోసూరులో పుట్టి, చంద్రచూడేశ్వరుని కొండ క్రింద చెడుగుడు ఆడి పెరిగినవాడు, తాను పుట్టకమునుపే ఆట చాలించిన పరదేశపు క్రీడాకారుల పేర్లను మన పెద్దలు వంశక్రమమును చెప్పినట్లు వల్లించుచుండగా నాకు మొదట నవ్వు వచ్చినది. పిమ్మట ఆలోచన కలిగినది. ఆ ఆలోచననే నేడు పాఠకుల ముందుంచుచున్నాను.

ముందుగా ఆ ఆట సంగతి. ఆస్ట్రేలియా వారి ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. 1859 మే 17వ తేదీన మెల్‌బోర్న్‌లో దాని నియమములు మొదటిసారి వ్రాయబడినవి. బంతియు కోడిగ్రుడ్డు ఆకారమే, మైదానమును కోడిగ్రుడ్డు ఆకారమే. ప్రక్కకు పదునెనిమిది మంది. బంతిని కాలితో తన్నవచ్చును, చేత పట్టవచ్చును, పిడికిలితో కొట్టి తోడివానికి అందింపవచ్చును. విసరుట మాత్రము కూడదు. రెండు కొసలయందును నాలుగేసి స్తంభములుండును. నడిమి రెంటి నడుమ తన్నినచో గోలు, దానికి ఆరు పాయింట్లు. ప్రక్క సందులలో పోయినచో ఒక్కటే. 1956 సెప్టెంబరులో జరిగిన అంతిమ పోటీయందు మెల్‌బోర్న్ జట్టు 17 గోల్స్, 19 ఒంటి పాయింట్లు చేసి మొత్తము 121 గడించగా, కాలింగ్‌వుడ్ జట్టు 48 మాత్రమే చేయగలిగినది. నాడు చూడవచ్చినవారు 1,15,802 మంది.

ఊహా లీగు లెక్కయు వినదగినదే. ఇంత అని నిర్ణయించిన కల్పిత ధనముతో వేర్వేరు జట్లలోని ఆటగాండ్రను ఎన్నుకొని ఎవరికి వారు ఒక జట్టు కూర్చుకొందురు. నిజమైన మైదానమున ఆ వారము వారు చేసిన పనినిబట్టి మార్కులు వచ్చును. తన్నునకు మూడు, పిడికిలి అందింపునకు రెండు, తన్నిన బంతిని నేల తాకకమునుపు పట్టినచో మూడు, ఎదిరిని పట్టి నిలిపినచో నాలుగు, గోలునకు ఆరు. తప్పు చేసి ఎదిరికి ఫ్రీ కిక్ ఇచ్చినచో మూడు తగ్గును. నాయకుడుగా ఎన్నుకొన్నవాని మార్కులు రెట్టింపు. పాతకాలపు వారమును ఆడదలచినవారు పాత లెక్కలు వెదకవలెను, పాత పత్రికలు తిరుగవేయవలెను. గెలుపోటములకంటె ఈ వెదకులాటయే మావానికి ఎక్కువ రుచించినట్లున్నది.

పాతదానిపై ఈ మక్కువ అచ్చటివారికి ఊరక పుట్టలేదు. ఆ దేశపు లీగు వారు 2003లో ‘హెరిటేజ్ రౌండ్’ అను పేర ఒక వారపు పోటీలను పూర్వుల స్మృతికై కేటాయించి, జట్లు తమ పాతకాలపు చొక్కాలు ధరించి ఆడునట్లు ఏర్పాటు చేసిరి. అది కొన్ని సంవత్సరములు సాగినది. ఇందులో నన్ను ఆకర్షించిన విషయమొకటి కలదు. చొక్కా మాత్రమే పాతది. ఆటగాండ్రు నేటివారు, గెలిచినవారికి లభించు నాలుగు పాయింట్లు నేటి పట్టికలో చేరునవి. తాతల చొక్కా తొడిగినారని ఎదిరి జట్టు జాలి తలపదు, అంపైరు ఒక గోలు ఎక్కువ వేయడు. స్మృతి యనునది ఆటనుండి సెలవు కాదు. ఆటలోనికి దిగుటకు వేసికొను వేషము.

ఆ లీగులోనే మరి రెండు ఉదాహరణములు. సౌత్ మెల్‌బోర్న్ అను పాత జట్టు 1982లో ఊరు విడిచి సిడ్నీకి తరలిపోయినది. ఊరు మారినను, ఎరుపు తెలుపు రంగులను హంస గురుతును విడువలేదు. ఫిట్జ్‌రాయ్ అను మరియొక జట్టు 1996లో బ్రిస్‌బేన్ జట్టుతో కలిసిపోయినది. అయినను దాని సింహము క్రొత్త జట్టు పేరునందును చొక్కా మీదను నేటికిని నిలిచియున్నది.

ఈ అనుభవము మనకు క్రొత్తది కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడును, 1956 నవంబరు 1వ తేదీన భాషాప్రయుక్త రాష్ట్రములు అవతరించినపుడును హోసూరు, కృష్ణగిరి తాలూకాలు మద్రాసు రాష్ట్రమునందే నిలిచినవి. 1969లో రాష్ట్రము పేరు మారినది. సేలము జిల్లావారమైన మనము 1965లో ధర్మపురి జిల్లావారమైతిమి, 2004లో కృష్ణగిరి జిల్లావారమైతిమి. మనము కదలలేదు, మన చుట్టునున్న గీతలు కదలినవి. ఇంటిలోని మాట మాత్రము నిలిచినది. అది మన ఎరుపు తెలుపు.

అయితే చొక్కాను పెట్టెలో మడిచి దాచుటకును, తొడిగికొని మైదానమునకు పోవుటకును భేదము కలదు. మన సభలలో రాయలవారిని స్తుతించుచున్నాము; శాలువలు కప్పుచున్నాము; పద్యములు వినిపించుచున్నాము. అన్నియు మంచివే. కాని ఇటీవల ఒక సభలో ఎనిమిదేండ్ల బాలిక తెలుగు ప్రసంగము చక్కగా చేయగా, సంతోషించి ఆమె చేతిలోని కాగితమును తీసి చూచితిని. తెలుగు మాటలన్నియు ఆంగ్ల లిపిలో వ్రాయబడియున్నవి. సభవారందరును చప్పట్లు కొట్టిరి, నేనును కొట్టితిని. ఇంటికి వచ్చినపిదప ఆ చప్పట్లు నన్నే కొట్టినట్లు తోచినది. మనము పిల్లలకు పాత చొక్కాను చూపుచున్నాము గాని, దానిని తొడిగి ఆడదగిన నేటి ఆటను ఇచ్చుటలేదు.

నేటి ఆట యనగా వారికి తెలిసినది ఫోనులోని ఆటయే. మన దేశమున ఊహా లీగు క్రికెట్టు రూపమున వ్యాపించినది. పదునొకండు మందిని ఎన్నుకొనుట, నాయకునికి రెట్టింపు మార్కులు వేయుట, ఇంతవరకు పద్ధతి ఒకటే. దానికి ప్రవేశ రుసుమును బహుమతి సొమ్మును తోడైనపుడు ఆట జూదమునకు దాయాది యైనది. మా బంధువర్గములోని ఒక యువకుడు, పారిశ్రామికవాడలో షిఫ్టు పనిచేయువాడు, నలుబదితొమ్మిది రూపాయలతో మొదలిడి, రెండేండ్లలో తల్లి కూడబెట్టిన చీటీ సొమ్మంతయు పోగొట్టుకొనినాడు. వానికి క్రికెట్టు తెలియకపోలేదు. ప్రతి ఆటగాని సగటు పరుగులు నాలుక చివర నుండెను. తెలివి కలదను నమ్మకమే వానిని ముంచినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలపై చట్టము చేసి, సొమ్ము పెట్టి ఆడు ఆటలను నిషేధించినది. ఆ నెల 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదము లభించినది. చట్టమును నేను మనసార స్వాగతించితిని. కాని చట్టము చెడ్డ ఆటను ఆపగలదే గాని మంచి ఆటను నేర్పజాలదు. ఖాళీయైన ఆ సాయంకాలమును ఏదో యొకటి నింపితీరును. అది మనమేల కారాదు?

కావున నా సూచన యిది. మన పిల్లలకై మనమే ఒక పాతకాలపు ఊహా లీగును నడపుదము. మొదటి వారమునకు 1956వ సంవత్సరమును ఎన్నుకొందము. ఆ నవంబరు 1న భాషారాష్ట్రములు ఏర్పడినవి. 22వ తేదీన మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనవి. డిసెంబరు 1న మన ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదనే 4–2తో ఓడించినది. అందు మూడు గోల్స్ నెవిల్ డిసౌజా చేసినవి. జట్టునకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్. మనవారికి నాలుగవ స్థానము దక్కినది.

ఆ 1956లోనే కొట్టారి కనకయ్య నాయుడుగారికి పద్మభూషణ్ బిరుదము లభించినది. వారి పూర్వులు మచిలీపట్టణమునుండి వలసపోయినవారు. వారు జన్మించినది 1895లో నాగపురమున. అనగా వారును మనవలె ఆంధ్రదేశమునకు వెలుపల పాదుకొన్న తెలుగు కుటుంబపు బిడ్డయే. 1926లో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై పదునొకండు సిక్సర్లతో 153 పరుగులు చేసిరి. 1932 జూను 25న లార్డ్స్ మైదానమున మన దేశపు మొదటి టెస్టునకు నాయకత్వము వహించిరి. 1956–57లో, అరువదియొకటవ ఏట, ఉత్తరప్రదేశ్ పక్షమున రంజీ పోటీలలో ఆడిరి. ఇట్టివానిని నాయకుడుగా నిలిపి మార్కులు రెట్టింపు చేయని బాలుడుండునా?

వారి తమ్ముడు సి.ఎస్. నాయుడుగారు 1945లో బొంబాయిపై జరిగిన రంజీ అంతిమ పోటీలో హోల్కర్ పక్షమున 917 బంతులు వేసి, 428 పరుగులిచ్చి, పదునొకండు వికెట్లు తీసిరి. ఇందులకు మార్కులెట్లు వేయవలెను? నేటి ఊహా లీగులలో పొదుపునకు మార్కులున్నవి, ఓర్పునకు లేవు. పిల్లలు దీనిపై గంటసేపు వాదించుకొందురు, వాదించుకొననిండు.

చెన్నపట్టణములో 1888లో భారతీయులకై మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించిన బుచ్చిబాబు నాయుడుగారు మన జట్టునకు పెద్దదిక్కు. వారి కుమారుడై, మాతామహుని ఇంటికి దత్తు పోయిన కోటా రామస్వామిగారు 1922లో డేవిస్ కప్ టెన్నిసునందును, 1936లో నలుబదియేండ్ల ప్రాయమున క్రికెట్టు టెస్టులయందును దేశమునకు ఆడిరి.

ఈ ఆటను నేను మొదట మా ఇంట పరీక్షించితిని. నలుగురు పిల్లలు, ఆటగానికొక చీటీ చొప్పున అట్టముక్కల మీద తెలుగు లిపిలో వివరములు వ్రాసితిని. రామస్వామిగారి చీటీ వచ్చినపుడు మా మనుమడు నమ్మలేదు. ఒకే మనిషి రెండు ఆటలలో దేశమునకెట్లు ఆడునని గొడవపడెను. చీటీలోనే యున్నది, చదువుకొమ్మంటిని. వాడు అక్షరమక్షరము కూడబలికి, వత్తులవద్ద తడబడి, అయిదు నిమిషములకు ఆ నాలుగు పంక్తులు ముగించెను. ఏ పాఠ్యపుస్తకమును వాడు అంత పట్టుదలతో చదువగా నేను చూడలేదు. ముగించి తలయెత్తి, “తాతా, ఈయన మనవాళ్లేనా?” అని అడిగెను. ఆ ప్రశ్నకై నేను ఎన్ని సభలు నడపియుందును!

భాషకును క్రికెట్టునకును సంబంధమేమని కొందరు పెద్దలు ఆక్షేపింపవచ్చును. నాయుడుగారి పరుగులలో తెలుగు లేదు, నిజమే. కాని ఆ పరుగులను తెలిసికొనుటకు చదువు చీటీలో తెలుగు కలదు. పాతదానిని పట్టుకొని వ్రేలాడుట తగదని యువకులు అనవచ్చును. ఆ మాటతో నేను ఏకీభవింతును. అందుకనియే చివరి నియమమొకటి చేర్చుచున్నాను.

నియమములు ఇవి. పైసా పందెము ఉండరాదు. చీటీలన్నియు తెలుగు లిపిలోనే ఉండవలెను. ఎన్నుకొన్న ఆటగానిగూర్చి తెలుగులో అయిదు మాటలు చెప్పినవారికి అదనపు మార్కులు. ప్రతి కుటుంబమును తమ ఇంటి పూర్వులలో ఒకరి పేరు చీటీకెక్కింపవలెను: బడి జట్టులో పరుగెత్తిన తాతయో, తొక్కుడుబిళ్లలో వీధిని గెలిచిన అవ్వయో ఎవరైనను సరే. చివరిది, ఊహా లీగు ముగిసిన సాయంకాలము పిల్లలందరును నిజమైన మైదానమునకు పోయి చెడుగుడు ఆడవలెను. ఇరుగుపొరుగు తమిళ, కన్నడ పిల్లలను కూడ పిలువవలెను. వారు లేక మన ఊరి ఆట ఏనాడును సాగలేదు.

వచ్చు ఉగాది ఉత్సవములలో సభకు ముందు ఒక్క గంట ఇందులకు కేటాయింపవలసినదిగా సంఘము వారిని కోరుచున్నాను. చీటీలు వ్రాయుటకు నేను సిద్ధము. అక్షరములు గుండ్రముగా వ్రాయగల పెద్దలు మరి నలుగురు వచ్చినచో పని త్వరగా తెమలును.